కంప్రెసర్ బాగుచేసినందుకు

జులై మొదటి వారం. టూసాన్.
రోళ్లు పగిలే ఎండ.
కొండబండల్లో మా ముత్తవ్వలు తొలిచిన రోళ్లు
ఇంకా అలాగే ఉన్నాయి గానీ
కెపాసిటర్లు పగులుతున్నాయి.
ఫోను మోగుతుంది. నిచ్చెన భుజానికెత్తుకుంటాను.

గ్రాంట్ రోడ్డు మలుపులో
ఒకటే పొడవాటి కప్పు, దాని కింద వరసగా వంటిళ్లు.
జనం ముందు తలుపులోంచి వస్తారు,
మెనూ చూస్తారు, పేరు నోరు తిరక్క వేలు పెట్టి చూపిస్తారు.
నేను పైనుంచి వస్తాను.
ఏ దేశం ఏం వండుతోందో
పొగగొట్టం దగ్గర నాకే ముందు తెలుస్తుంది.
ఇది చేప, బస్రా వాళ్లది.
నాలుగడుగులు వేస్తే మాగిన క్యాబేజీ ఘాటు, శ్రీమతి నో వంటిల్లు.
ఆ మూల కాలుతున్నది సెనాద్ బోస్నియా రొట్టె.
మధ్యలో పావురాలు,
ఎవరి వాసనా పట్టనివి.

కూలి సగమే తీసుకుంటాను. మిగతా సగం కంచంలో.
సెనాద్‌కిది నచ్చదు, లెక్క లెక్కే అంటాడు,
అంటూనే పొట్లంలో నాలుగు కబాబులు ఎక్కువ పెడతాడు.
శ్రీమతి నో బేరమాడుతుంది. గెలుస్తుంది.
చేపలాయన నిరుడు పోయాడు.
కొడుకు కట్టెల పొయ్యి తీసేసి గ్యాసు పెట్టాడు.
తిని, బాగుందన్నాను.
ఆ అబద్ధానికి వాడు కళ్లు తుడుచుకున్నాడు.

చివరి కొట్టు లెతెబ్రహన్‌ది.
అస్మరా నుంచి ఇక్కడికి ఏ దారిన వచ్చిందో నేనడగను, తను చెప్పదు.
పళ్లెమంతా పరిచిన పుల్లటి అట్టు,
దాని మీద పప్పులు, ఆకుకూర, ఎర్రటి పులుసు.
కంచం ఒకటే. తినే చేతులు ఎన్నైనా.
ఓ మధ్యాహ్నం అడిగింది:
"వెర్లన్, అందరి తిండీ తింటావు. మీ వాళ్లదేది?"

"మాదా? ఇక్కడే."
"ఇక్కడంటే ఎక్కడ? బోర్డు చూళ్లేదే!"

కిటికీలోంచి చూశాను.
టైర్ల కొట్టు. పాత పరుపుల కొట్టు.
గోడ పక్కన ఒక చోయా ముళ్లపొద.
ఏప్రిల్‌లో దాని మొగ్గలు పటకారుతో తెంపేవాళ్లం,
ముళ్లు రాల్చి, గుంటలో నిప్పుల మీద రాత్రంతా మగ్గబెట్టేవాళ్లం.
ఇప్పుడు దాని మొదట్లో ఎవరో పారేసిన సోడా గ్లాసు.
"బయట అంతర్జాతీయ భోజనాలని రాశారు కదా,
మేం ఎక్కణ్ణించీ రాలేదు, అందుకని" అన్నాను.
నవ్వాను కూడా, నేనొక్కణ్ణే.

తర్వాతి వారం
సెల్స్‌లో మా పిన్ని ఇచ్చిన టెపరీ గింజలు
కాఫీ డబ్బా నిండా పోసి పట్టుకెళ్లాను.
గోధుమరంగువి, పెసలకన్నా కాస్త పెద్దవి.
ఒక్క వరదనీటికి మొలిచి కాసి
ఆపైన ఎవర్నీ ఏమీ అడగనివి.
"రాత్రంతా నానబెట్టు. ఉప్పు. ఓ ఎముక. ఇంకేం వద్దు."
తలూపింది.

ఆ తలూపుడు నాకు తెలుసు.
థర్మోస్టాట్ డెబ్భై కిందికి తిప్పొద్దంటే
ఊపేదీ అలాగే.

కంచం వచ్చింది.
గింజలు ఎర్రగా ఉన్నాయి. మిరపపొడి,
ఉల్లిపాయ దాదాపు మాడేదాకా వేయించి,
పైన వెన్న, వెన్నలో పేరు తెలియని దినుసులు,
కింద మళ్లీ అదే పుల్లట్టు.
మా పిన్ని చూస్తే చెంప వాయిస్తుంది,
ముందు నాకు, తర్వాత ఈమెకు.

"చెప్పు" అంది లెతెబ్రహన్,
తువ్వాలుకు చేతులు తుడుస్తూ, కూర్చోకుండా.

కప్పు మీద నేను బాగుచేసిన మెషిన్ గుర్రుమంది.
దక్షిణాన మబ్బుంది, వాన లేదు.
ఎవరో తలుపు తీసినప్పుడల్లా
తడిసిన క్రియోసోట్ ఆకు వాసన.
మా వైపు ఎక్కడో పడుతుండాలి.

"తప్పు" అన్నాను. "మొత్తం తప్పు."
అట్టు ఇంకో ముక్క చింపాను.

ఆమె కుర్చీ లాక్కుంది.